క్రాస్ ట్రైనర్ మీద ఇరవై నిమిషాలు: కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా

డాక్టర్ రాసిచ్చే చీటీలో మందుల పేర్ల కింద తరచూ ఒక లైన్ కనిపిస్తుంది: రోజూ అరగంట నడవాలి. షుగర్ ఉన్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులతో వచ్చినవాళ్లకు, అందరికీ ఇదే సలహా. సలహా మంచిదే. కానీ పాతబస్తీలో నడవడానికి చోటేది? చాలా గల్లీల్లో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మూడో మనిషికి దారి ఉండదు. మెయిన్ రోడ్డెక్కితే ఫుట్‌పాత్ మీద బండ్లు, దుకాణాల సామాను. మగవాళ్లు ఫజర్ నమాజ్ అయ్యాక ఏదో ఒక మైదానం వెతుక్కుంటారు. వంట, పిల్లల స్కూలు, ఇంటి పని మధ్య ఆడవాళ్లకు ఆ టైమూ దొరకదు, ఆ చోటూ దొరకదు.

అందుకే ఇప్పుడు చాలా కుటుంబాలు జిమ్‌లో లేడీస్ టైమింగ్ ఉందా అని అడుగుతున్నాయి. కొందరు ఇంట్లోకే ఒక మెషీన్ తెచ్చుకుంటున్నారు. కంపెనీలు ఎలిప్టికల్ అని అమ్మే, జిమ్ వాళ్లు క్రాస్ ట్రైనర్ అని పిలిచే మెషీన్ అలాంటిదే. తెచ్చిన కొత్తలో ఇంట్లో అందరూ వరసగా ఎక్కుతారు. నెల తిరిగేసరికి దాని మీద బట్టలు ఆరేస్తుంటారు. రోజూ ఒకే వేగంతో అరగంట తొక్కితే విసుగు పుడుతుంది. మొదటి రోజే శక్తికి మించి తొక్కితే ఒళ్లు నొప్పులతో ఆగిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది. అదే ఇంటర్వెల్ ట్రైనింగ్.

మసీదులో జిమ్ ఎందుకు పెట్టారు?

2022 జనవరిలో రాజేంద్రనగర్ వాదీ-ఎ-మహమూద్‌లోని మసీద్-ఎ-ముస్తఫాలో మహిళల కోసం జిమ్ తెరిచారన్న వార్త దేశమంతా చక్కర్లు కొట్టింది. హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్, అమెరికాకు చెందిన సీడ్ సంస్థ కలిసి దీన్ని ఏర్పాటు చేశాయి. నేర్పడానికి మహిళా ట్రైనర్‌నే పెట్టారు. పాతబస్తీ బస్తీల్లో ఆ ఫౌండేషన్ చేసిన సర్వేలో సగానికి పైగా మహిళలకు గుండె జబ్బు, షుగర్ లాంటివి వచ్చే ముప్పు ఎక్కువగా ఉందని తేలింది. ఇంటికి దగ్గర్లో, పరదాకు ఇబ్బంది లేకుండా వ్యాయామం చేసే చోటు ఉంటే తప్ప ఈ పరిస్థితి మారదన్నది ఆ జిమ్ వెనుక ఉన్న ఆలోచన.

దేశం మొత్తం లెక్క కూడా కంగారు పెట్టేదే. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం భారత్‌లో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. మరో 13 కోట్లకు పైగా జనం షుగర్ అంచున ఉన్నారు. పల్లెల్లో కంటే పట్టణాల్లో ఇది ఎక్కువ. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు డాక్టర్లు చెబుతారు. దర్జీ టేపుతో ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

ఈ మెషీన్‌లో ఉన్న మంచి ఏమిటి?

క్రాస్ ట్రైనర్ మరీ పాత వస్తువేం కాదు. అమెరికాలోని ప్రీకార్ కంపెనీ 1995లో మార్కెట్‌లోకి తెచ్చాక ఇది జిమ్‌లన్నిటికీ పాకింది. దీని మీద పాదం కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. నడకకూ, మెట్లెక్కడానికీ మధ్యలా ఉంటుంది ఆ కదలిక. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ మోకాలి మీద పడుతుంది. క్రాస్ ట్రైనర్ మీద పాదం పెడల్ నుంచి లేవదు కాబట్టి ఆ దెబ్బ ఉండదు. చేతులతో పట్టుకునే కడ్డీలు కూడా కదులుతాయి గనక భుజాలకూ, వీపుకూ పని దొరుకుతుంది.

మసీదుల్లో కుర్చీ మీద నమాజ్ చదివే పెద్దలు, ఇంట్లో సజ్దా నుంచి లేవడానికి గోడ పట్టుకునే అమ్మీలు, నానీలు మనకు తెలియనివాళ్లు కారు. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయని కదలడం మానేస్తే తొడ కండరాలు సన్నబడతాయి. కండ తగ్గితే మోకాలి మీద భారం పెరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మోకాళ్లను అదరగొట్టకుండా తొడలకు పని చెప్పగలగడమే ఈ మెషీన్‌తో ఉన్న అసలు లాభం.

ఇంటర్వెల్ అంటే ఏమిటి?

మాట కొత్తగా ఉన్నా సంగతి మామూలే. కాసేపు గట్టిగా తొక్కాలి. మళ్లీ కాసేపు నెమ్మదిగా తొక్కుతూ ఊపిరి సర్దుకోవాలి. ఇలా మార్చి మార్చి కొన్నిసార్లు చేయాలి. గోల్కొండ కోట మెట్లు ఎక్కేవాళ్లు చేసేదీ ఇదే. పది ఇరవై మెట్లు ఎక్కి, నిలబడి ఆయాసం తీర్చుకుని, మళ్లీ ఎక్కుతారు. ఒకే దమ్ములో పైకెక్కలేని మనిషి కూడా ఇలా ఆగి ఆగి బాలాహిస్సార్ దాకా చేరతాడు.

దీనికి గట్టి ఆధారం జపాన్ నుంచి వచ్చింది. అక్కడి షిన్‌షు యూనివర్సిటీ పరిశోధకులు మధ్య వయసు వాళ్లకూ, ముసలివాళ్లకూ మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచే పద్ధతి నేర్పారు. రోజుకు ఐదుసార్లు, అంటే మొత్తం అరగంట. వారానికి నాలుగు రోజులు లేదా అంతకంటే ఎక్కువ. 2007లో వచ్చిన వాళ్ల ఫలితాల్లో మామూలుగా నడిచినవాళ్ల కంటే ఇలా నడిచినవాళ్లలో తొడల బలం, దమ్ము బాగా పెరిగాయి, బీపీ ఎక్కువ తగ్గింది. 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఇదే పద్ధతిని టైప్-2 షుగర్ ఉన్నవాళ్లతో చేయించారు. ఒకే వేగంతో నడిచినవాళ్లూ, వేగం మార్చి నడిచినవాళ్లూ ఖర్చు చేసిన శక్తి దాదాపు సమానమే. అయినా షుగర్ అదుపు వేగం మార్చినవాళ్లలోనే మెరుగ్గా కనిపించింది. ఈ అధ్యయనాలు నడక మీద జరిగాయి. క్రాస్ ట్రైనర్ మీద కూడా అదే మూడు మూడు నిమిషాల లెక్కను వాడుకోవచ్చు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

కండరం గట్టిగా పనిచేసేటప్పుడు రక్తంలోని షుగర్‌ను నేరుగా లోపలికి లాక్కుంటుంది. దానికి ఆ సమయంలో ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడాల్సిన పని ఉండదు. వ్యాయామం ఆపిన తర్వాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఒళ్లు ఇన్సులిన్‌ను బాగా వాడుకుంటుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానకూడదని డాక్టర్లు అంటారు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేసి ఆరు రోజులు కూర్చుంటే ఆ లాభం నిలవదు.

గుండె కూడా కండరమే. గట్టిగా తొక్కినప్పుడు ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కొన్ని వారాలయ్యాక అవే మెట్లు ఎక్కితే తక్కువ ఆయాసం వస్తుంది. మూడో అంతస్తులో ఉండేవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఒక సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. బరువు తగ్గడంలో ఇంటర్వెల్స్‌కు మంత్రం లాంటి శక్తి ఏమీ లేదు. అంతే శక్తి ఖర్చయ్యే మామూలు వ్యాయామంతో ఎంత తగ్గుతారో దాదాపు అంతే తగ్గుతారు. మెషీన్ స్క్రీన్ మీద కనిపించే క్యాలరీల అంకె కూడా చాలాసార్లు ఎక్కువే చూపిస్తుంది. ఆ అంకె చూసి, ఇవాళ బిర్యానీ ఇంకో ప్లేటు తినొచ్చులే అనుకుంటే లెక్క తప్పుతుంది.

గట్టిగా అంటే ఎంత గట్టిగా?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. పక్క మెషీన్ మీద ఉన్న కుర్రాడి లెవెల్ చూసి తామూ అదే పెట్టుకుంటారు. ఒకరికి గట్టిగా అనిపించేది ఇంకొకరికి తేలిక. దీన్ని కొలవడానికి మాటే చాలు. నెమ్మదిగా తొక్కేటప్పుడు పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలగాలి. గట్టిగా తొక్కేటప్పుడు మూడు నాలుగు మాటలు అనగానే ఊపిరి తీసుకోవాల్సి రావాలి. ఒక్క మాట కూడా రాకపోతే మరీ ఎక్కువైందన్నమాట. వెంటనే తగ్గించాలి.

అంకెల్లో కావాలంటే 220 నుంచి వయసు తీసేయాలి. 45 ఏళ్ల మనిషికి 175 వస్తుంది. అది గుండె నిమిషానికి గరిష్ఠంగా కొట్టుకునే సంఖ్యకు ఉజ్జాయింపు. కొత్తవాళ్లు అందులో 75 నుంచి 85 శాతం మధ్య, అంటే సుమారు 131 నుంచి 149 మధ్య ఉంటే గట్టిగా చేసినట్టే. అయితే బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ లెక్క పనిచేయదు. ఆ మందు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతుంది. వాళ్లు మాట పరీక్షనే నమ్ముకోవాలి.

ఎనిమిది వారాల క్రమం

వారానికి మూడు రోజులు చాలు. రోజు విడిచి రోజు చేస్తే ఒళ్లు కోలుకుంటుంది. మొదట్లో ఐదు నిమిషాలు, చివర్లో ఐదు నిమిషాలు తేలికగా తొక్కడం ఎప్పుడూ మానకూడదు. గట్టిగా చేస్తూ చేస్తూ ఒక్కసారిగా దిగితే కళ్లు తిరుగుతాయి.

మొదటి రెండు వారాలు: ఇంటర్వెల్స్ వద్దు. పది పదిహేను నిమిషాలు హాయిగా తొక్కి మెషీన్‌కు అలవాటు పడాలి.

మూడు, నాలుగు వారాలు: 30 సెకన్లు గట్టిగా, 90 సెకన్లు నెమ్మదిగా. ఆరుసార్లు. ముందూ వెనకా కలిపితే 22 నిమిషాలు.

ఐదు, ఆరు వారాలు: ఒక నిమిషం గట్టిగా, నిమిషంన్నర నెమ్మదిగా. ఆరుసార్లు. మొత్తం 25 నిమిషాలు.

ఏడు, ఎనిమిది వారాలు: ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా. ఎనిమిదిసార్లు. మొత్తం 26 నిమిషాలు.

ఒక మెట్టు కష్టంగా ఉంటే ఇంకో రెండు వారాలు అక్కడే ఉండొచ్చు, తొందరేమీ లేదు. అరవై దాటినవాళ్లకు, చాలా ఏళ్లుగా కదలకుండా ఉన్నవాళ్లకు జపాన్ వాళ్ల మూడు మూడు నిమిషాల పద్ధతే తేలిక. అందులో గట్టిగా అంటే వేగంగా నడిచినంత శ్రమే.

సోషల్ మీడియాలో టబాటా పేరుతో నాలుగు నిమిషాల వీడియోలు చాలా తిరుగుతుంటాయి. 20 సెకన్లు పూర్తి బలంతో, 10 సెకన్లు విశ్రాంతి. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా ప్రచురించిన ఆ పరిశోధన బాగా తర్ఫీదు ఉన్న కుర్రాళ్లతో చేయించినది. కొత్తగా మొదలుపెట్టే నలభై ఏళ్ల ఇల్లాలికి అది సరిపడదు.

మెషీన్ మీద చేసే పొరపాట్లు

చాలామంది కడ్డీల మీద బరువంతా వేసి ముందుకు వాలిపోతారు. అప్పుడు కాళ్లకు పని తగ్గుతుంది, నడుము నొప్పి వస్తుంది. నిటారుగా నిలబడి, చూపు ఎదురుగా పెట్టి, కడ్డీని తేలిగ్గా పట్టుకోవాలి. పాదం మొత్తం పెడల్ మీద ఆనాలి. బరువంతా మునివేళ్ల మీదే ఉంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

రెండో పొరపాటు, రెసిస్టెన్స్ మరీ తక్కువ పెట్టి ఊరికే గిరగిరా తిప్పడం. అప్పుడు చక్రం తన ఊపుతో తానే తిరుగుతుంది, మనిషి చేసే పని కొంచెమే. గట్టిగా తొక్కే వంతు వచ్చినప్పుడు రెసిస్టెన్స్ రెండు మూడు లెవెల్స్ పెంచి, వేగం కొద్దిగా పెంచితే చాలు.

బట్టల సంగతి కూడా ముఖ్యమే. వేలాడే దుపట్టా, బుర్ఖా అంచు, వెడల్పు షల్వార్ కదిలే భాగాల్లో చిక్కుకోవచ్చు. పొడవు కుర్తా, అంచు బిగుతుగా ఉండే పైజామా, పిన్నుతో బిగించిన స్కార్ఫ్, గట్టి బూట్లు వేసుకుంటే ఒంటికి మర్యాద, పనికి వీలు రెండూ ఉంటాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే మెషీన్ ఉన్న గదికి తలుపు వేయాలి. చాలా మెషీన్లలో కరెంటు తీసేసినా పెడల్స్ తిరుగుతూనే ఉంటాయి, చిన్న వేళ్లు నలిగిపోతాయి.

ముందుగా డాక్టర్‌ను అడగాల్సినవాళ్లు

గుండె జబ్బు ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఛాతీలో పట్టేసినట్టు ఉండేవాళ్లు, గర్భిణులు, షుగర్ వల్ల కంటి రెటీనా లేదా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్ ఒప్పుకున్నాకే ఇంటర్వెల్స్ మొదలుపెట్టాలి. బీపీ 180/110 దాటి ఉంటే ముందు దాన్ని దించుకోవాలి. బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. మెషీన్ కొనే ముందు ఒకసారి అక్కడికి వెళ్లి రావడం మంచిది.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు వ్యాయామంతో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి వస్తే ఆపేయాలి. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి.

ఛాతీ మీద బరువు, చేయి లేదా దవడ లాగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే ఇంకో రౌండ్ చూద్దాం అనుకోవద్దు. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి వికారం, వీపు నొప్పి, విపరీతమైన నీరసం రూపంలో వస్తుంది. గ్యాస్ అనుకుని ఓమ నీళ్లు తాగి పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

రంజాన్‌లో ఎలా?

రోజాలో ఉండగా గట్టి ఇంటర్వెల్స్ వద్దు. నీళ్లు లేకుండా చెమట పోతే తల తిరుగుతుంది, అదీ ఎండాకాలంలో మరీ ప్రమాదం. చేయాలంటే ఇఫ్తార్ అయ్యాక, నీళ్లు తాగి, గంటన్నర రెండు గంటలు ఆగి చేయొచ్చు. తరావీహ్ చదివేవాళ్లకు ఆ రకాత్‌లతోనే ఒంటికి కొంత కదలిక దొరుకుతుంది. ఆ నెలలో వారానికి రెండు రోజులు తేలికగా తొక్కినా చాలు, అలవాటు తెగిపోదు. షుగర్ మందులు వాడేవాళ్లు రంజాన్ రాకముందే డాక్టర్‌తో మోతాదు మాట్లాడుకోవాలి. రోజాలో షుగర్ 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని షుగర్ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కొనాలా, జిమ్‌కు వెళ్లాలా?

ఇంట్లోకి కొనేవాళ్లు ముందు చోటు కొలవాలి. మెషీన్ ఐదారు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. పెడల్ పైకి లేచినప్పుడు మనిషి తల కూడా అడుగు దాకా పైకి వెళ్తుంది. పాత ఇళ్లలో రేకుల కప్పు, ఫ్యాన్ తగులుతాయేమో చూసుకోవాలి. ఎవరో వాడి అమ్మే మెషీన్ అయితే పది నిమిషాలు తొక్కి చూడాలి. చప్పుడు, ఊగడం, ఒక పక్క పట్టేయడం ఉంటే వద్దు. ఇంట్లో అందరికంటే బరువైన మనిషిని అది మోయగలదా అని అడగాలి.

డబ్బు పెట్టే ముందు ఒక నెల జిమ్‌లో లేడీస్ టైమింగ్‌లో చేసి చూడటం తెలివైన పని. అలవాటు నిలిస్తే అప్పుడు కొనొచ్చు. మెషీన్ అసలు దొరకకపోయినా ఈ పద్ధతి ఆగదు. డాబా మీద మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే పైసా ఖర్చు లేకుండా అదే పని జరుగుతుంది.

ఆరోగ్యం అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని ఇంట్లో పెద్దలు అంటుంటారు. దాన్ని కాపాడుకునే బాధ్యత ఒక్క అమ్మీ మీదే వేస్తే ఆమెకు టైమ్ ఎప్పటికీ దొరకదు. వారానికి మూడుసార్లు, అసర్ తర్వాతో, పిల్లలు స్కూలుకు వెళ్లాకో ఆమెకు అరగంట ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ అరగంట చాయ్ ఇంకెవరైనా పెట్టుకోవచ్చు.